దగ్గరికి వెళ్లి కాల్చండి: ఫ్లైట్ సిమ్ ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో టేకాఫ్, ల్యాండింగ్ గురించి రాశాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. శత్రు విమానం వెనక్కి చేరడం వచ్చేసింది, కానీ కాలిస్తే తగలడం లేదు. ఈ విషయం మీద ఎంతసేపైనా మాట్లాడగలను. వాయుసేనలో ఆర్మమెంట్ ఫిట్టర్‌గా, అంటే విమానాల ఆయుధాలు చూసుకునే మెకానిక్‌గా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం మిగ్-21 తుపాకుల దగ్గరే గడిపాను. రిటైరై కాకినాడలో స్థిరపడ్డాక రాత్రి భోజనం కాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నేను ఎక్కువగా ఆడేది రెండో ప్రపంచ యుద్ధ విమానాలు నడిపే ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే గేమ్ కాబట్టి ఉదాహరణలు దానిలోంచే ఇస్తున్నాను. ఇలాంటివే అయిన డీసీఎస్ ఆడేవాళ్లకూ, వార్ థండర్‌లో సిమ్యులేటర్ మోడ్ ఆడేవాళ్లకూ ఇవి పనికొస్తాయి.

సార్, నేను బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మార్క్ 5 నడుపుతాను. 109 (జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109) తోక వెనక కుదురుకుని, గన్‌సైట్ (గురి చూసే అద్దం) చుక్క సరిగ్గా దాని మీద పెట్టి కాలుస్తాను. ట్రేసర్లు (వెలుగుతూ పోయే తూటాలు) దానికి రెండు పక్కల నుంచీ వెళ్లిపోతాయి. ఒక్కోసారి కింద నుంచి పోతాయి. కన్వర్జెన్స్ ఎంత పెడితే తగులుతుంది?
— బీటెక్ విద్యార్థి, గుంటూరు

మీ ఉత్తరంలో 'రెండు పక్కల నుంచీ' అన్న మాటలోనే సగం జవాబుంది. మీ స్పిట్‌ఫైర్‌లో తుపాకులన్నీ రెక్కల్లో ఉన్నాయి. వాటిని కాస్త లోపలి వైపు తిప్పి, ముందు ఒకచోట కలిసేలా బిగిస్తారు. ఆ కలిసే దూరమే కన్వర్జెన్స్. మీరది 400 మీటర్లకు పెట్టి 100 మీటర్ల దగ్గర కాల్చారనుకోండి. అక్కడికి తూటాల దారులు దగ్గరైంది నాలుగో వంతే. రెక్కల్లో ఉన్న ఎడంలో ఇంకా ముప్పావు వంతు మిగిలే ఉంది. 109 బాడీ సన్నగా ఉంటుంది కాబట్టి తూటాలు దానికి రెండు పక్కల నుంచీ పోతాయి. కన్వర్జెన్స్ దాటాక మళ్లీ ఇదే తంతు. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి విడిపోతూ పోతాయి. చుక్క సరిగ్గా పెట్టినంత మాత్రాన తగలదు. చుక్క సరిగ్గా ఉండాలి, దూరమూ సరిగ్గా ఉండాలి.

ఈ పని నేను చేతులతో చేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హ్యాంగర్‌లో విమానాన్ని జాక్‌ల మీద లేపి, గాల్లో ఎగిరేటప్పుడు ఏ భంగిమలో ఉంటుందో ఆ లెవెల్‌కు తెస్తాం. ముందు కొలిచిన దూరంలో ఒక బోర్డు నిలబెడతాం. దాని మీద గన్‌సైట్‌కు ఒక గుర్తు, తుపాకికి ఒక గుర్తు ఉంటాయి. బ్యారెల్ మూతి దగ్గర బోర్‌సైట్ పెట్టి అందులో కన్ను పెడితే, ఆ బ్యారెల్ బోర్డు మీద ఎక్కడికి చూస్తోందో కనబడుతుంది. మౌంటింగ్ బోల్టు పావు చుట్టు తిప్పితే చాలు, గుర్తు బోర్డు మీద బాగా జరుగుతుంది. బిగించాక మళ్లీ చూడాలి, ఎందుకంటే బిగింపులోనే కాస్త కదులుతుంది. ఇంత చేసీ మేం పైలట్‌కు ఇవ్వగలిగింది ఫలానా దూరంలో గురికీ దెబ్బకీ పొత్తు కుదురుతుందన్న మాట మాత్రమే. ఆ దూరానికి విమానాన్ని తీసుకెళ్లాల్సింది ఆయనే. గేమ్‌లో మీరు ఒక అంకె మార్చి ఓకే నొక్కేది ఈ పనికే. ఆ అంకెను మీ చేతికి ఇచ్చిన మాటలా చూసుకోండి.

బ్రిటిష్ వాళ్లకూ ఇది అనుభవం మీదే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో వాళ్ల ఫైటర్ విమానాల దళమైన ఫైటర్ కమాండ్‌లో తుపాకులను 400 గజాల లెక్కన సర్దేవారు. అంత దూరం నుంచి తగలక స్క్వాడ్రన్ల వాళ్లు 250 గజాలకు, అంటే దాదాపు 230 మీటర్లకు తగ్గించుకున్నారు. 74వ స్క్వాడ్రన్‌లో పేరు తెచ్చుకున్న సెయిలర్ మలాన్ తన పైలట్లకు రాసిచ్చిన పది నియమాల్లో మొదటిది దగ్గరికి వెళ్లేదాకా ఆగమనీ, ఒకటి రెండు సెకన్ల కంటే ఎక్కువ కాల్చవద్దనీ చెబుతుంది. జర్మన్ల వైపు 352 విమానాలు కూల్చిన ఎరిక్ హార్ట్‌మాన్ పద్ధతీ అదే. ఎదుటి విమానం అద్దం నిండా కనిపించేదాకా ఆయన ట్రిగ్గర్ నొక్కేవాడు కాదు.

కన్వర్జెన్స్ 200 మీటర్లు పెట్టండి. ఆ తర్వాత 200 మీటర్లంటే ఎంతో కంటికి నేర్పండి. 109 రెక్కల వెడల్పు దాదాపు 10 మీటర్లు. జర్మన్ రెవీ గన్‌సైట్‌లో అయితే, నేరుగా వెనక నుంచి చూసినప్పుడు 10 మీటర్ల రెక్కలు అద్దం మీద కనిపించే వలయం నిండా పరుచుకుంటే 100 మీటర్లు, వలయంలో సగం ఉంటే 200. స్పిట్‌ఫైర్‌లో అడ్డగీత మధ్యలో ఉండే ఖాళీని దూరానికీ రెక్కల వెడల్పుకూ తగ్గట్టు సర్దుకోవచ్చు. శత్రువు రెక్కలు ఆ ఖాళీలో సరిగ్గా పడితే మీరు పెట్టిన దూరానికి వచ్చినట్టే. చాలామంది ఆ డయల్ జోలికే పోరు. మిషన్ మొదలవగానే దాన్ని సర్దుకోవడం అలవాటు చేసుకోండి.

కింద నుంచి పోతున్నాయన్నది వేరే సంగతి. 200 మీటర్లలో తూటా జారేది జానెడు పైచిలుకు. 400 దాటితే మీటరు పైనే జారుతుంది, ఇంకా దూరం పోయేకొద్దీ అది వేగంగా పెరుగుతుంది. కింద నుంచి పోయినవన్నీ మీరు మరీ దూరం నుంచి కాల్చినవే అయ్యుంటాయి.

ఇంకొక్క మాట. మీ మార్క్ 5బిలో ఒక్కో 20 మిల్లీమీటర్ల ఫిరంగికి ఉండేది 60 షెల్సే. మొత్తం కలిపి ఆరు సెకన్ల కాల్పు. మా మిగ్-21 జీఎష్-23 తుపాకికి 200 రౌండ్లు నింపేవాళ్లం, ఆపకుండా కాలిస్తే నాలుగు సెకన్లకు ఖాళీ. ఆ బెల్టును చేత్తో సర్దుతూ నింపినవాడికి ఒక్క రౌండు దండగైనా మనసుకు కష్టంగా ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లో ఫిరంగికీ మెషీన్‌గన్‌కూ వేర్వేరు బటన్లు పెట్టుకోండి. మెషీన్‌గన్‌తో మొదలుపెట్టి, తూటాలు తగిలిన మెరుపులు కనిపించాక ఫిరంగి వాడండి.

వెనక నుంచి నేరుగా అయితే తగులుతోంది. టర్న్‌లో ఉన్నవాణ్ణి కొట్టాలంటే ముందుకు గురిపెట్టాలంటారు. ఎంత ముందుకు? ఎవరిని అడిగినా 'ఆడగా ఆడగా వస్తుంది' అంటున్నారు. నాకు లెక్క కావాలి.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

లెక్క కావాలన్నారు, చాలా సంతోషం. ఆడగా ఆడగా వచ్చే మాట నిజమే కానీ, లెక్క తెలిస్తే ఆ రావడం త్వరగా వస్తుంది.

శత్రువు గంటకు 400 కిలోమీటర్ల వేగంతో మీ ముందు అడ్డంగా పోతున్నాడనుకోండి. అంటే సెకనుకు 111 మీటర్లు. మీరు 200 మీటర్ల దూరంలో ఉన్నారు. తూటా వేగానికి మీ విమానం వేగం కూడా కలుస్తుంది కాబట్టి ఆ దూరం దాటడానికి దానికి సెకనులో ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ కాస్తలో అతను 24 మీటర్లు జరిగిపోతాడు. 109 పొడవు 9 మీటర్లు. కాబట్టి అతని ముక్కుకు ముందు రెండు విమానాలకు పైగా పట్టేంత ఖాళీ వదిలి కాల్చాలి. కొత్తవాళ్లు వదిలేది సగం విమానమంత కూడా ఉండదు. అందుకే తూటాలన్నీ తోక వెనక నుంచి పోతాయి.

అదే 400 మీటర్ల దూరమైతే అతను 50 మీటర్లకు పైగా జరుగుతాడు. కానీ రెట్టింపు దూరంలో అన్నీ సగం సైజులో కనిపిస్తాయి కదా. అందుకని గన్‌సైట్ అద్దం మీద చూస్తే రెండు సందర్భాల్లోనూ వదలాల్సిన ఖాళీ దాదాపు ఒకటే! దీంతో పని చాలా తేలికవుతుంది. దూరం మారినా లీడ్‌ను, అంటే ముందు వదిలే ఈ ఖాళీని, అద్దం మీద ఒకే కొలతగా గుర్తుపెట్టుకోవచ్చు. రెవీ వలయంలో మధ్య చుక్క నుంచి అంచు వరకు ఒక కొలత అనుకుందాం. 400 వేగంతో పూర్తిగా అడ్డంగా పోయేవాడికి రెండున్నర కొలతలు వదలాలి. అతను మీకు 30 డిగ్రీల కోణంలో పోతుంటే అందులో సగం, అంటే వలయం అంచుకు కాస్త బయట అతను ఉండాలి. 45 డిగ్రీలైతే రెండున్నరలో 70 శాతం. బ్రిటిష్ గన్‌సైట్ వలయాన్ని గంటకు 100 మైళ్ల అడ్డవేగం లెక్కన చేశారు, కాబట్టి అక్కడా ఇంచుమించు ఇవే కొలతలు పనికొస్తాయి.

దీనికి తోడుగా ఒక నియమం ఉంది, నా దృష్టిలో లెక్క కంటే ఇదే ముఖ్యం. శత్రు విమానం ముక్కు ఎప్పుడూ మీ మధ్య చుక్క వైపు చూస్తూ ఉండాలి. అద్దం మీద అతను ఎక్కడున్నా సరే, అతని ముక్కు నుంచి గీత గీస్తే అది మీ చుక్కలోంచి పోవాలి. అలా లేదంటే మీ ఇద్దరి టర్నులు ఒకే వాలులో లేవన్నమాట. ముందు మీ రెక్కలను అతని రెక్కల వాలుకు తెచ్చుకుని, ఆ తర్వాత స్టిక్ లాగండి. రనౌట్ చేయాలనుకున్న ఫీల్డర్ పరుగెత్తే బ్యాట్స్‌మన్ మీదికి బంతి విసరడు, వికెట్ల మీదికి విసురుతాడు. మీరు గురిపెట్టాల్సింది కూడా అలాగే అతను చేరబోయే చోటికి.

తీరా చేస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, అంత లీడ్ తీసుకోగానే శత్రువు మీ ఇంజిన్ కవర్ కింద మాయమైపోతాడు. ఈ భయంతోనే అందరూ తక్కువ లీడ్ తీసుకుంటారు. దీనికి మందు ముందే లీడ్ తీసుకోవడం. అతనికి కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ ముందుకు ముక్కు తెచ్చి, అతను కనిపించకుండా పోయిన క్షణం ట్రిగ్గర్ నొక్కి, స్టిక్ లాగుడు కొద్దిగా వదలండి. అతను మీ తూటాల దారిలోకి తనంతట తానే వచ్చి పడతాడు. 30 డిగ్రీల లోపు కోణాలతో మొదలుపెట్టి నేర్చుకోండి. ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ పైలట్ హాన్స్ యోఆకిమ్ మార్సేయ్ పూర్తి టర్న్‌లో ఉన్నవాళ్లను తక్కువ తూటాలతో కొట్టేవాడని ప్రసిద్ధి. 1942లో మాల్టాలో పోరాడిన కెనడా వాడు జార్జ్ బర్లింగ్ అయితే డిఫ్లెక్షన్ కోణాలను, అంటే ఎంత ముందుకు గురిపెట్టాలో ఆ కోణాలను, పుస్తకంలో రాసుకుని లెక్కలు కట్టేవాడు. లెక్క కావాలని అడిగిన మీకు ఆయన నచ్చుతాడు.

అంకుల్, చుక్క శత్రువు మీదికి వచ్చేదాకా బాగానే ఉంటుంది. కాల్చే టైమ్‌కి ముక్కు పైకీ కిందకీ ఊగుతుంది. ఆపుదామంటే ఇంకా ఎక్కువవుతుంది. టెన్షన్ వల్లా? నాది మామూలు ట్విస్ట్ జాయ్‌స్టిక్. కొత్తది కొనమంటారా?
— ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్

వెంటనే కొనకు బాబూ. టెన్షన్ వల్ల స్టిక్ గట్టిగా పట్టుకుంటావు, అది నిజమే. పిడికిలితో పట్టుకోకుండా వేళ్లతో పట్టుకో, మణికట్టు బల్ల మీద ఆనించు. ముక్కును పైకీ కిందకీ తిప్పే ఎలివేటర్ స్పిట్‌ఫైర్‌లో చాలా సున్నితం, కొద్దిగా కదిపినా ముక్కు లేస్తుంది. గేమ్ సెట్టింగుల్లో పిచ్ (ముక్కు పైకీ కిందకీ కదలడం) కర్వ్ కొంచెం పెంచు. అప్పుడు స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు మెత్తగా స్పందిస్తుంది, చివర్లలో మాత్రం పూర్తి బలం అలాగే ఉంటుంది. డెడ్‌జోన్, అంటే మధ్యలో స్టిక్ కదిపినా గేమ్ పట్టించుకోని భాగం, మాత్రం ఎక్కువ పెట్టకు, గురిపెట్టేటప్పుడు మనకు కావాల్సిన సన్నటి కదలికలను అదే మింగేస్తుంది.

ఆ తర్వాత ట్రిమ్, అంటే చేయి తీసినా విమానం నేరుగా పోయేలా సర్దుకోవడం. కాల్చడానికి ముందు స్టిక్‌ను ఒక పక్కకు నెట్టి పట్టుకునే అవసరం ఉండకూడదు. స్పిట్‌ఫైర్‌లో ఎలివేటర్‌కూ, ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్‌కూ ట్రిమ్ ఉంది. 109లో కాక్‌పిట్ నుంచి రడ్డర్ ట్రిమ్ లేదు, వేగం మారినప్పుడల్లా కాలితోనే చూసుకోవాలి. నీకు జాయ్‌స్టిక్ ట్విస్టే కాలు.

ఇక ఎవరూ చూడని బాల్ సంగతి. డ్యాష్‌బోర్డు మీద స్లిప్ చూపించే సూచీ ఉంటుంది కదా, అది మధ్యలో లేదంటే నీ విమానం ముక్కు ఒకవైపు చూస్తూ, తాను ఇంకోవైపు జారుతోందని అర్థం. తూటా ఆ పక్కజారుడును కూడా తనతో తీసుకెళ్తుంది. 400 వేగంలో మూడు డిగ్రీలు జారుతున్నా, 200 మీటర్ల దగ్గరికి చేరేసరికి తూటా మీటరు పైనే పక్కకు పోతుంది. రడ్డర్‌తో చుక్కను లాగి శత్రువు మీద పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. చూడటానికి చుక్క అతని మీదే ఉంటుంది, తూటాలు మాత్రం పక్క నుంచి పోతాయి. రోల్ చేసి, స్టిక్‌తో తెచ్చుకో. రడ్డర్‌ను బాల్ మధ్యలో ఉంచడానికే వాడు.

ఇవన్నీ చేశాక కూడా చేయి తీసేసినా ముక్కు తనంతట తానే ఎగిరెగిరి పడుతుంటే అప్పుడు జాయ్‌స్టిక్ లోపలి పొటెన్షియోమీటర్ అరిగిందేమో అనుకోవాలి. కొనాల్సి వస్తే హాల్ సెన్సర్ ఉన్నది చూడు, అందులో రాపిడి ఉండదు కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది. నాన్నగారి జీతం మీద భారం పడేట్టయితే వద్దు. ఉన్నదానితోనే గురి కుదురుతుంది.

హైంకెల్ 111 బాంబర్ వెనక్కి వెళ్లినప్పుడల్లా దాని గన్నర్లు నా ఇంజిన్ పగలగొడుతున్నారు. నేను దగ్గరికే వెళ్లి కాలుస్తున్నాను, అయినా అది పడదు.
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

మీరు దగ్గరికి వెళ్లాననుకుంటున్నారు కానీ వెళ్లి ఉండరు. హైంకెల్ రెక్కల వెడల్పు 22 మీటర్ల పైచిలుకు, 109 కంటే రెట్టింపు దాటి ఉంటుంది. ఫైటర్లకు అలవాటు పడిన కంటికి అది 450 మీటర్ల దూరంలో ఉన్నా 200 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. మీరు అక్కడే కాల్పు మొదలుపెట్టి, వేగం తగ్గించుకుని, వెనకే తారాడుతూ ఉంటారు. గన్నర్‌కు కావాల్సింది అదే, కదలకుండా నిలబడ్డ గురి. బాంబర్ రెక్కలు వలయాన్ని పూర్తిగా నింపినప్పుడు కూడా మీరు 220 మీటర్ల దూరంలో ఉన్నారని గుర్తుపెట్టుకోండి. రెక్కల చివరలు వలయం దాటి బయటికి పోవాలి.

నేరుగా వెనక నుంచి వెళ్లడం మానేయండి. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కువ తీసుకుని, దానికి ముందు పక్కగానో పక్క నుంచో దిగండి. వేగంగా దూసుకెళ్లేటప్పుడు కాల్చడానికి దొరికేది ఒక్క సెకనే. ఆ ఒక్క సెకనూ ఒకే ఇంజిన్ మీద, లేదా రెక్క బాడీకి కలిసే చోట పడాలి. పొడవునా చల్లుకుంటూ పోతే చిల్లులు పడతాయి కానీ బాంబర్ ఇంటికి చేరుతుంది. దాటాక పైకి లాగి పొట్ట చూపించకుండా, అదే వేగంతో కిందికి దూరంగా వెళ్లి, మళ్లీ ఎత్తు తీసుకుని రండి. ఓపిక కావాలి. మూడు మంచి దాడులు చాలు.

మా అబ్బాయి పదో తరగతి. సెలవుల్లో రోజంతా ఈ విమానం ఆటలే. ఎయిర్‌ఫోర్స్‌లో చేరతానంటాడు, ఇదంతా దానికి ప్రిపరేషన్ అంటాడు. నిజంగా పనికొస్తుందా? నమ్మమంటారా?
— ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, చేరతానన్న మాటను నమ్మండి. ప్రిపరేషన్ అన్న మాటను సగమే నమ్మండి.

గాలి, వేగం, ఎత్తు, కోణం, ఇవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో ఈ సిమ్యులేటర్ కుర్రవాళ్లకు బాగా ఎక్కిస్తుంది. పై జవాబులో 30 డిగ్రీలకు సగం లీడ్ అన్నాను. అది వాళ్ల టెన్త్ లెక్కల పుస్తకంలోని సైన్ 30 విలువే. అబ్బాయిని పిలిచి, సగం ఎందుకయిందో మీకు వివరించమని అడగండి. చెప్పగలిగితే ఆట అతనికి మేలు చేస్తోందన్నమాట. చెప్పలేకపోతే పుస్తకం తెరవడానికి అదే మంచి కారణం.

కానీ ఎంపికకు దారి వేరే. ఇంటర్‌తో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా ఫ్లయింగ్‌కు వెళ్లాలంటే గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. కాబట్టి టెన్త్ అయ్యాక ఎంపీసీయే తీసుకోవాలి. రాతపరీక్ష దాటాక డెహ్రాడూన్, మైసూరు లాంటి చోట్ల సెలక్షన్ బోర్డు ఉంటుంది. పైలట్ కావాలనుకునేవాళ్లకు అక్కడ కంప్యూటర్ మీద ఒక ప్రత్యేక పరీక్ష పెడతారు. కంటికీ చేతికీ పొందిక ఎలా ఉందో అందులో చూస్తారు. అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే ఫ్లయింగ్ బ్రాంచికి మళ్లీ అవకాశం లేదు. మెడికల్‌లో కంటిచూపు బాగా చూస్తారు. అందుకని రోజంతా స్క్రీన్ ముందు కూర్చోనివ్వకండి. గంట చాలు, సాయంత్రం బయట ఆడుకోవాలి, రాత్రి నిద్రపోవాలి. ఫ్లైట్ లైన్ మీద నేను ఎరిగిన మంచి పైలట్లందరూ ఒంటిని జాగ్రత్తగా చూసుకున్నవాళ్లే.

మీకు హైదరాబాద్ దగ్గర కాబట్టి మరొక మాట. ఎంపికైన ఫ్లయింగ్ క్యాడెట్లకు కమిషన్ ఇచ్చే ఎయిర్ ఫోర్స్ అకాడమీ దుండిగల్‌లోనే ఉంది. అక్కడ జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌ను టీవీలో చూపిస్తుంటారు. అబ్బాయితో కలిసి చూడండి.

అమెరికన్ ఫైటర్ పీ-51డీ మస్టాంగ్‌లో కే-14 గన్‌సైట్ లీడ్ తానే లెక్కకడుతుందన్నారు. నాకేమో దాని వలయం అద్దమంతా ఈదుతూ తిరుగుతోంది.
— పుణెలో ఉంటున్న పాఠకుడు

అది గైరోతో పనిచేస్తుంది. మీరు ఎంత వేగంగా టర్న్ తిరుగుతున్నారో కొలిచి, మీరిచ్చిన దూరాన్ని బట్టి లీడ్ కడుతుంది. మీరు కుదుపుతుంటే అదీ కుదుపునే కొలుస్తుంది, అందుకే ఈదుతోంది. ముందు శత్రు విమానం రెక్కల వెడల్పు సెట్ చేయండి. తర్వాత రేంజ్ తిప్పుతూ ఆ ఆరు వజ్రాల గుర్తులు అతని రెక్కలను చుట్టేలా ఉంచండి. చుక్కను అతని మీద పెట్టి, ఒక సెకనుసేపు కదలకుండా వెంబడించి, అప్పుడు కాల్చండి. రేంజ్‌కు జాయ్‌స్టిక్ మీద ఒక యాక్సిస్ కేటాయించకపోతే ఈ గన్‌సైట్‌తో లాభం లేదు. స్థిరమైన వలయంతో గురి కుదిరాకే దీన్ని ముట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఉద్యోగం వల్ల రాత్రి ఒక గంటే దొరుకుతుంది. ఆన్‌లైన్‌కు వెళ్తే ఆ గంటలో ఎగిరి వెళ్లడం, కూలిపోవడం తప్ప కాల్చింది లేదు. గురి ఒక్కటే ప్రాక్టీస్ చేయడానికి పద్ధతి చెప్పగలరా?
— ఫార్మా కంపెనీ ఉద్యోగి, హైదరాబాద్

మీరు అడిగిందే సరైన ప్రశ్న. గురికి విడిగా సాధన కావాలి, యుద్ధంలో నేర్చుకుందామంటే కుదరదు. నిజం వాయుసేనల్లోనూ ఒక విమానం పొడవాటి గుడ్డ సంచిని తాడుతో లాక్కుపోతుంటే మిగతావాళ్లు దాన్ని కాల్చేవారు. ఎవరి తూటాలు ఎన్ని తగిలాయో తెలియడానికి ఒక్కొక్కరి తూటాల కొనలకు ఒక్కో రంగు పూసేవారు. సంచి కిందికి వచ్చాక చిల్లుల అంచున అంటిన రంగును బట్టి లెక్కపెట్టేవారు. అమెరికాలో బాంబర్ గన్నర్లకైతే మొదట కదులుతున్న ట్రక్కు మీద నిలబెట్టి, షాట్‌గన్‌తో గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను కొట్టించేవారు.

మీరు క్విక్ మిషన్‌లో ఒక జూ-52 రవాణా విమానాన్ని పెట్టుకోండి. నేరుగా, నెమ్మదిగా పోతుంది. తూటాలు అపరిమితం అన్న సెట్టింగు తీసేయండి. మొదటి వారం వెనక నుంచి 200 మీటర్లకు చేరడం, ఒక్క సెకను కాల్చడం, ఆపడం, పక్కకు తొలగడం. అంతే. ఇక్కడ నేర్చుకునేది దూరం. దాని రెక్కలు 29 మీటర్లు, కాబట్టి కన్ను మోసపోతుంది. పాజ్ చేసి, దూరం చూపించే ఐకాన్ ఆన్ చేసి, అసలు దూరం ఎంతుందో చూసుకోండి. మీరు అనుకున్నదీ అక్కడ రాసి ఉన్నదీ రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఆ రెండు అంకెలు దగ్గరవుతుంటే మీరు ముందుకు పోతున్నట్టు.

తర్వాత ఒక నోవైస్ (కొత్త పైలట్ స్థాయి) ఫైటర్. అతను తిప్పుతాడు కానీ మెల్లగా తిప్పుతాడు. ఈ దశలో స్పిట్‌ఫైర్‌కు బదులు 109 గానీ రష్యన్ ఫైటర్ యాక్-1 గానీ తీసుకోమని నా సలహా. వాటిలో ముఖ్యమైన తుపాకులు ముక్కులోనే ఉంటాయి, కన్వర్జెన్స్ తలనొప్పి తక్కువ, మీ లీడ్ తప్పిందా ఒప్పిందా అన్నది సూటిగా తెలుస్తుంది. అయితే 109లో ఎంకే 108 ఫిరంగి ఉన్న రకాన్ని ఇప్పుడే తీసుకోకండి. దాని షెల్ సెకనుకు 540 మీటర్లే పోతుంది, పక్కనున్న మెషీన్‌గన్ తూటా అంతకంటే చాలా వేగంగా పోతుంది. ఒకదాని ట్రేసర్ చూసి రెండోదాన్ని కాలిస్తే రెండు గురులూ చెడతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ఫ్లైటునూ రికార్డు చేసి చూడండి. శత్రు విమానం పక్క నుంచి కెమెరా పెట్టి, వేగం తగ్గించి, మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణం దగ్గర ఆపండి. తూటాలు ఎక్కడి నుంచి పోయాయి? దాదాపు ఎప్పుడూ తోక వెనక నుంచే పోయి ఉంటాయి. దూరం ఎంత? మీరు అనుకున్నదానికి ఎక్కువే ఉంటుంది. గంటలో నలభై నిమిషాలు ఎగిరి, ఇరవై నిమిషాలు ఇలా చూస్తే, రోజూ గంటంతా ఎగిరేవాడికంటే మీరే త్వరగా నేర్చుకుంటారు. పాత ఐఎల్-2 1946 ఉన్నవాళ్లు కాన్ఫిగ్ ఫైలులో ఆర్కేడ్ విలువను 1 చేస్తే, తూటా తగిలిన ప్రతిచోటా ఒక బాణం గుర్తు కనబడుతుంది. రంగు పూసిన తూటాలకు అది సరిసాటి.

తల తిప్పి చూడటానికి ట్రాక్‌ఐఆర్ (తల కదలికను పసిగట్టే పరికరం) కొనేంత స్తోమత లేదు. జాయ్‌స్టిక్ మీది హ్యాట్ స్విచ్‌తో చూసేసరికి శత్రువు పోతున్నాడు.
— డిగ్రీ విద్యార్థి, కర్నూలు

ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు వెబ్‌క్యామ్‌తో మీ ముఖాన్ని గుర్తుపట్టి తల కదలికను గేమ్‌కు అందిస్తుంది. గదిలో వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. కాల్చేటప్పుడు మాత్రం తల కదిలితే గన్‌సైట్ చుక్క అద్దం మీంచి తప్పుకుంటుంది. అందుకని వీక్షణను మధ్యకు తెచ్చి నిలిపే బటన్ ఒకటి ట్రిగ్గర్ దగ్గర్లో పెట్టుకోండి. జూమ్ బటన్ కూడా అక్కడే ఉండాలి. దూరం అంచనా వేయడం ఎప్పుడూ ఒకే జూమ్‌లో అలవాటు చేసుకోండి, లేకపోతే కన్ను తికమకపడుతుంది.

వచ్చే సంచికలో ఎనర్జీ ఫైటింగ్ (ఎత్తునూ వేగాన్నీ వాడుకుని పోరాడటం), పైనుంచి దాడులు. గురి గురించి ఇంకా రాయాలనుకునేవాళ్లు ఏ విమానం, ఎంత కన్వర్జెన్స్, ఎంత దూరం నుంచి కాల్చారు, వెనక నుంచా పక్క నుంచా అన్న నాలుగు వివరాలూ తప్పక రాయండి. అవి లేకుండా 'తగలడం లేదు' అని మాత్రమే రాసిన ఉత్తరాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. వాటికీ జవాబివ్వాలని ఉంది, ఆ వివరాలు పంపండి.